వాయిదాకీ వాయిదాకీ మధ్య

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఉద్యోగుల నష్టపరిహారం కేసులు వింటున్న కమిషనర్లందరికీ నమస్కారం.

నేను పవర్ ప్రెస్ ఆపరేటర్‌ని. రేకుని అచ్చు మీద పెట్టి కొట్టే మిషన్ అది. 18 ఏళ్లు అదే పని చేశాను. 2022 ఆగస్టులో ఒక మధ్యాహ్నం నా కుడిచేతి వేళ్లు నాలుగూ డై, అంటే ఆ అచ్చు కింద పోయాయి. బొటనవేలు ఒక్కటి మిగిలింది. అప్పటికి నాకు 40 ఏళ్లు, జీతం నెలకి 14,000. 2023 జనవరిలో కేసు వేశాను. ఇప్పటికి 26 వాయిదాలయ్యాయి. ఈ లేఖ ఎడమచేత్తో నోటుపుస్తకంలో రాసుకుంటే, ఇంటర్ చదివే మా అమ్మాయి ఫోన్‌లో టైపు చేసి పెట్టింది.

నా కేసు ఏ ఊళ్లో నడుస్తోందో, మా ఓనర్ ఎవరో ఇక్కడ చెప్పను. ఆ గొడవ మీ ముందే తేలాలి. నేను చెప్పదలచుకున్నది మీ ఫైల్లో ఏ కాగితం మీదా ఉండదు. చెయ్యి పోయిన మనిషి కేసు తేలేదాకా లోపల ఏమైపోతాడన్నదే నేను చెప్పాలనుకున్న సంగతి.

ముందు ప్రమాదం గురించి రెండు మాటలు. మా షెడ్డులో మొత్తం ఎనిమిది మందిమి. పదిమందైనా లేరు కాబట్టి ఈఎస్ఐ, అంటే కార్మికుల బీమా కార్డు లేదు. ఫ్యాన్ బ్రాకెట్లు, స్విచ్ బోర్డు బాక్సులు కొట్టేవాళ్లం. రేకు ముక్క డై మీద పెట్టాలి, చెయ్యి తియ్యాలి, కాలితో పెడల్ తొక్కాలి. ఒకసారి తొక్కితే ఒక దెబ్బ. క్లచ్ అరిగిపోయిన ప్రెస్ మాత్రం ఒకసారి తొక్కినా రెండు దెబ్బలు కొడుతుంది. మేం దాన్ని ‘డబుల్ కొట్టింది’ అంటాం. మొదటి దెబ్బ పడ్డాక పీసు తీయడానికి చెయ్యి లోపల పెడతాం కదా, రెండోది సరిగ్గా అప్పుడు పడుతుంది. మా ప్రెస్ ఆ వారంలో అంతకు ముందే రెండుసార్లు డబుల్ కొట్టింది. చెప్పాం కూడా. ఆర్డర్ అయిపోనివ్వండి, ఆదివారం విప్పిద్దాం అన్నారు. నా చెయ్యి పోయింది గురువారం.

పక్క మిషన్ మీద పనిచేసే అబ్బాయి మెయిన్ ఆపేసి, నా చెయ్యి గుడ్డలో చుట్టి ఆటో ఎక్కించాడు. దారి పొడుగునా “అన్నా, కళ్లు మూయకు, నాతో మాట్లాడు” అంటూనే ఉన్నాడు. ఏడాది తర్వాత అదే అబ్బాయి సాక్ష్యం చెప్పలేనన్నాడు. వాడికి ఇద్దరు చిన్నపిల్లలు, అదే షెడ్డులో ఉద్యోగం. వాడి మీద నాకు కోపం లేదు. కానీ ఆ మాట విన్న రోజు నాకు అన్నం సహించలేదు.

నా కేసుకి ఓనర్ ఇచ్చిన జవాబు, అంటే కౌంటర్ వచ్చాక మా వకీలుగారు చదివి వినిపించారు. అందులో మూడు మాటలున్నాయి. ఇతను మా మనిషి కాదు, కాంట్రాక్టర్ తెచ్చిన పీస్ రేట్ మనిషి అన్నది ఒకటి. చెయ్యి లోపలికి పోకుండా మిషన్‌కుండే గార్డు తనే తీసేసి పని చేశాడన్నది రెండోది. జీతం 14,000 కాదు, 9,000 అన్నది మూడోది. మా మనిషే కాదన్నప్పుడు జీతం ఎంతో వాళ్లకెలా తెలిసిందని వకీలుగారు అడుగుతారట. అది వాదన, వాళ్లు చూసుకుంటారు. నన్ను దెబ్బ తీసింది మొదటి మాట. ఆ షెడ్డులో 11 ఏళ్లు చేశాను. షెడ్డు తాళం చెవి నా దగ్గరే ఉండేది. మా అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి ఆయన కుటుంబంతో వచ్చి, బంతిలో కూర్చుని భోంచేసి, ఐదొందల ఒక రూపాయి చదివించి వెళ్లాడు. ఆ మనిషి కాగితం మీద సంతకం పెట్టి నన్నెరగనన్నాడు. వేళ్లు పోయినప్పుడు నేను ఏడవలేదు. ఆ కౌంటర్ విన్న రోజు బస్సులో ఏడ్చాను.

కమిషనర్ గారూ, మీ హాలులో రోజుకి ఎన్ని కేసులు పిలుస్తారో నేను చూస్తూనే ఉన్నాను. మీకు ఇవే కేసులు కావు, కనీస వేతనాలు, గ్రాట్యుటీ, తనిఖీలు, మీటింగులు అన్నీ ఉంటాయి. కాబట్టి వాయిదా మీకు పని తెమలక వేసే తేదీ. మాకు అది అంతకంటే చాలా పెద్దది. వాయిదాకి నాలుగు రోజుల ముందునుంచీ నాకు నిద్ర పట్టదు. మళ్లీ ఏం అడుగుతారో, మళ్లీ ఏం కాగితం కావాలంటారోనని కడుపులో తిప్పుతుంది. నా భార్య హాస్టల్ వంటశాలలో పని చేస్తుంది. నాకు తోడు వస్తే ఆ రోజు కూలి పోతుంది. ఇద్దరం పొద్దున్నే బయల్దేరి పదింటికల్లా వచ్చి కూర్చుంటాం. మధ్యాహ్నం మూడింటికి అటెండర్ వచ్చి సార్ మీటింగ్‌లో ఉన్నారు, ఫలానా తేదీకి రండి అంటాడు. 26 వాయిదాల్లో 17 ఇలాగే పోయాయి. ఇంటికి వచ్చాక రెండు మూడు రోజులు నేను మనిషిని కాను. పిల్లలు నా ముందు మాట్లాడటానికి భయపడతారు. అంటే ఒక్క వాయిదా నా బతుకులో ఒక వారం తినేస్తోంది.

క్రాస్ ఎగ్జామినేషన్ రోజు సంగతి చెప్పాలి. “ఆ రోజు తాగి డ్యూటీకి వచ్చావా?” అని అవతలి వకీలు అడిగారు. అడిగే హక్కు వారికుంది. తాగి ఉంటేనో, గార్డు కావాలని తీసేస్తేనో ఓనర్‌కి బాధ్యత ఉండదని చట్టంలో మినహాయింపు ఉంది, చావుకీ శాశ్వత పూర్తి వైకల్యానికీ తప్ప. అదంతా నాకు తర్వాత వివరంగా చెప్పారు. కానీ ఆ క్షణంలో నాకు వినిపించింది ప్రశ్న కాదు, నింద. నేను అయ్యప్ప మాల వేసే మనిషిని. పైగా వెనక బెంచీల మీద వేరే కేసులవాళ్లు ఇరవై మంది ఉన్నారు. తర్వాత చెయ్యి చూపించమన్నారు. గుడ్డ తీసి చూపించాను. ఇంకాస్త పైకెత్తమన్నారు. ఎత్తాను. వెనక ఎవరో ఆడమనిషి “అయ్యో రామా” అంది. ఆ చెయ్యి నేను మా అమ్మాయికి కూడా సరిగా చూపించలేదు, అంతవరకూ.

ఇక ఇంట్లో సంగతి. లేని వేళ్లు నొప్పి పెడతాయి. చూపుడువేలి గోరు కింద సూది గుచ్చినట్టు ఉంటుంది, చూస్తే అక్కడ వేలే లేదు. మొదట్లో పిచ్చెక్కుతోందనుకుని ఎవరికీ చెప్పలేదు. పక్క కొట్టతను షట్టర్ దబ్బున కిందికి లాగితే ఒళ్లంతా చెమట పడుతుంది. వేళ్లు పోయిన మనిషి భోజనం ఎలా చేస్తాడో మీరెప్పుడైనా ఆలోచించారా? ఎడమచేత్తో తినాలి. చిన్నప్పటినుంచీ ఆ చేత్తో పెట్టకూడదు, పుచ్చుకోకూడదు అని విని పెరిగిన మనిషికి అన్నం కలిపిన ప్రతిసారీ ప్రాణం చచ్చిపోతుంది. గుళ్లో తీర్థం ఇస్తుంటే ఏ చెయ్యి చాపాలో తెలీక పక్కకి తప్పుకున్నాను. మా తమ్ముడి కొడుకు పెళ్లిలో బంతిలో కూర్చోలేదు. పని ఉందని చెప్పి, అందరూ తిన్నాక వంటవాళ్ల దగ్గర స్పూను అడిగి తిన్నాను. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. నాకే మనుషుల్లో కూర్చోబుద్ధి కాలేదు.

అన్నిటికన్నా లోతుగా ఉన్న భయం ఇంకోటుంది. ఇది నేను మా వకీలుగారికి కూడా రెండేళ్లు చెప్పలేదు. బాగుపడితే కేసు పోతుందేమోనన్న భయం అది. ఏ గాయానికి సంపాదించే శక్తి ఎంత పోయినట్టో చెప్పే పట్టిక, చట్టం మొదటి షెడ్యూల్లో, నాలుగు వేళ్లకి 50 శాతం అని రాసి ఉంది. నేనిక ప్రెస్ పనికి పనికిరాను కాబట్టి నూటికి నూరు శాతం అడగాలని వకీలుగారి ఉద్దేశం. దాంతో నేను ఏం చేయగలను, ఏం చేయలేను అన్నదే కేసులో అసలు ప్రశ్న అయింది. ఎడమచేత్తో స్కూటీ నేర్చుకుందామంటే, అవతలివాళ్లు వీడియో తీస్తారేమో. అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ పని ఇస్తామంటే, సంపాదిస్తున్నాడు చూడండి అంటారేమో. పెళ్లిలో నవ్వుతూ ఫొటో దిగితే అది కూడా సాక్ష్యమేమో. ఏడాదిపాటు ఆ వాచ్‌మన్ పని ఒప్పుకోలేదు. ఇంట్లో కూర్చుని గోడకేసి చూశాను. నొప్పి తగ్గిన రోజు కూడా తగ్గిందని చెప్పడానికి నోరు రాలేదు. గాయం మానాలని కోరుకునే హక్కు కూడా లేనట్టు బతికాను. “మీకు పోయింది నాలుగు వేళ్లే. మాకు మనిషే లేకుండా పోయాడు” అంది నా భార్య ఒకరోజు. తప్పేం లేదు, నిజమే అంది.

రెండో ఏడాది ఎండాకాలంలో నాకు బతకాలనిపించలేదు. ఒక రాత్రి ఆ ఆలోచనకి నాకే భయమేసి, భార్యని లేపి చెప్పాను. తను ఏడుస్తూ కూర్చోలేదు. మా అమ్మాయి కాలేజీ గోడ మీద చూసి రాసుకున్న 14416 నంబరుకి ఫోన్ కలిపి నా చెవి దగ్గర పెట్టింది. టెలిమానస్ అంటారు, మనసు బాగాలేనివాళ్లు మాట్లాడే లైను. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. అవతలి అమ్మాయి నన్ను ఒక్కసారి కూడా కాగితం ఏదని అడగలేదు, సాక్షి ఎవరని అడగలేదు. నేను చెప్పింది నమ్మి వింది. రెండేళ్లలో అలా విన్న మొదటి మనిషి ఆమే. అక్కడినుంచి ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లాను. లేని వేళ్ల నొప్పి పిచ్చి కాదనీ, మెదడు ఆ వేళ్లని ఇంకా మర్చిపోలేదనీ, చాలామందికి వస్తుందనీ చెప్పారు. నిద్రకి మందు రాశారు. ఆయనే ఇంకో మాటన్నారు. కేసు కాగితాలన్నీ ఒక సంచిలో పెట్టి బీరువా మీద పడేయండి, ఆదివారం ఒక గంట మాత్రం తీయండి, మిగతా రోజుల్లో ఆ ఆలోచన వస్తే ఆదివారం చూద్దాం అని దానికి చెప్పండి అన్నారు. చిన్నపిల్లల మాటలా ఉందనుకున్నాను. ఆరు వారాలకి తేడా తెలిసింది.

ఇంకో మేలు మీ ఆఫీసు బయట టీ కొట్టు దగ్గర జరిగింది. అక్కడ నాలాంటివాళ్లు ముగ్గురు పరిచయమయ్యారు. ఒకతను రంగుల పనివాడు, పరంజా మీంచి పడ్డాడు. ఒకామె భర్త బాయిలర్ దగ్గర పోయాడు. ఇంకొకతను గ్రానైట్ కటింగ్‌లో కాలు పోగొట్టుకున్నాడు. వాయిదా ఏమైందని ఒకరినొకరం అడుగుతాం. నువ్వు బాగానే ఉన్నావుగా అని మాత్రం మాలో ఎవరం అనం.

చట్టం చెప్పని న్యాయం నేనేం అడగడం లేదు. మీరు కేసులు వినే 1923 ఉద్యోగుల నష్టపరిహార చట్టానికి 2009లో చేసిన సవరణలో, కేసు మీ ముందుకొచ్చిన మూడు నెలల్లో తేల్చాలని రాశారు. నా కేసుకి మూడేళ్లు దాటాయి. నష్టపరిహారం నెలలోగా ఇవ్వకపోతే ఏడాదికి 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకుండా ఆపితే సగం దాకా పెనాల్టీ అని కూడా ఉంది. ఆ 12 శాతమంటే మన లెక్కలో నూటికి నెలకి రూపాయి. చెయ్యి పోయినప్పటినుంచీ నేను తెచ్చిన అప్పు మీద కట్టేది మూడు రూపాయలు. 50 శాతం లెక్కనే చూసినా, 14,000లో 60 శాతం 8,400, దాన్ని వయసుని బట్టి నలభై ఏళ్లవాడికి చట్టం ఇచ్చిన 184.17 అనే అంకెతో గుణించి సగం చేస్తే 7,73,514 రూపాయలు వస్తాయి. ఈ లెక్క నాకు నిద్రలో లేపి అడిగినా వస్తుంది. మరి ఆలస్యం ఎవరికి లాభమో మీరే చూడండి. లక్షన్నరకి రాజీ చేసుకోమని మనుషులు నా దగ్గరికొస్తున్నది కూడా అందుకే. అప్పులవాడు గుమ్మంలో నిలబడ్డ రోజే వాళ్లూ వస్తారు.

1968లో జయపురంలో, ఒడిశాలోని కోరాపుట్ జిల్లా ఊరే, ఒక సినిమా హాలు పనిలో వడ్రంగి ఒకతను కిందపడి ఎడమచెయ్యి పోగొట్టుకున్నాడు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఒంటిచేత్తో వడ్రంగం చేయలేడు కాబట్టి అతనిది పూర్తి వైకల్యమే అనీ, డబ్బు బాకీ పడేది ప్రమాదం జరిగిన రోజునుంచే అనీ 1975లో కోర్టు చెప్పింది. మా వకీలుగారు ఆ తీర్పు చదివి వినిపించినప్పుడు నాకు తీర్పు కన్నా ఆ ఏడేళ్లే చెవిలో నిలిచాయి. ఆ ఏడేళ్లు అతను రాత్రుళ్లు ఎలా పడుకున్నాడో, ఇల్లు ఎలా గడిచిందో తీర్పులో ఉండదు కదా.

ఆ షెడ్యూల్లో ముఖం బాగా వికారమైపోతే నూటికి నూరు అని ఉంది. చెవులు పూర్తిగా వినపడకపోతే ఉంది. మనసు మాట ఎక్కడా లేదు. దాన్ని మార్చడం మీ చేతుల్లో లేదని తెలుసు. 2025 నవంబరు 21నుంచి సామాజిక భద్రతా కోడ్ వచ్చి 1923 చట్టం అందులో కలిసిపోయింది. ఇక మీదట కేసులు వేసేవాళ్లు వేరే కాగితాలతో రావచ్చు. వాళ్లు కూర్చునేది మాత్రం ఆ బెంచీల మీదే.

మీ చేతుల్లో ఉన్నవి మాత్రం అడుగుతాను. ఆ రోజు కేసు వినడం కుదరదని ముందు రోజు సాయంత్రానికి తెలిస్తే, ఒక ఫోనో మెసేజో పెట్టించండి. మా కూలీ, మా వారం మిగులుతాయి. గాయం చూడాలంటే తలుపు వేసి, ఇరుపక్షాల వకీళ్ల ముందు మాత్రమే చూడండి. బాధ్యత మొత్తం ఒప్పుకోని యజమాని కూడా తను ఒప్పుకున్నంత మేరకు ముందే కట్టాలని అదే చట్టంలో ఉంది. జీతం మీద గొడవ ఉంటే తక్కువ జీతం లెక్కనైనా మొదటి నెలల్లోనే కట్టించండి, మిగతాది తర్వాత తేల్చండి. ఆ డబ్బు చేతిలో ఉంటే అప్పులవాడి ముందూ, రాజీకి వచ్చినవాడి ముందూ మనిషి నిలబడగలడు. వకీలు ఫీజు కట్టలేని కార్మికుడికి 1987 న్యాయ సేవల చట్టం కింద ఉచితంగా వకీలుని ఇస్తారని, దానికి 15100 నంబరుందని నాకు ఏడాదిన్నర తర్వాత తెలిసింది. ఆ నంబరు, పక్కనే 14416, మీ హాలు బయట గోడ మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాయించండి. నడవలో మేం గంటలు గంటలు కూర్చుంటాం, తప్పకుండా చదువుతాం.

వాంగ్మూలం తీసుకునేటప్పుడు ఒక్క ప్రశ్న కలపండి. నిద్ర పడుతోందా అని అడగండి. దానికి శాతం వెయ్యక్కర్లేదు. మీరు అడిగారన్న సంగతి ఆ మనిషి ఇంటికెళ్లి పెళ్లానికి చెప్పుకుంటాడు.

నేనిప్పుడు వాచ్‌మన్‌గా చేస్తున్నాను. వకీలుగారికి చెప్పే ఒప్పుకున్నాను. అడిగితే మీ ముందూ దాచను. స్కూటీ కూడా నేర్చుకుంటున్నాను, మా అమ్మాయి వెనక కూర్చుని నేర్పిస్తోంది. నా 27వ వాయిదా వచ్చే నెల్లో ఉంది. పదింటికల్లా వచ్చి రెండో బెంచీలో, కిటికీ పక్కన కూర్చుంటాను. ఈసారి టిఫిన్ బాక్సు తెచ్చుకుని, స్పూను లేకుండా, అక్కడే అందరి ముందు తింటాను.

ఇట్లు,
ఒక పవర్ ప్రెస్ ఆపరేటర్